పొద్దుగుంకేలోగా గుండు

మా శేషు మగపిల్లాడని మస్కట్‌లో గట్టిగా నమ్మినవాళ్లం ముగ్గురమే. నేను, మా ఆయన, వాడూ.

మిగతావాళ్లని అనుకుని లాభం లేదు. వాడి జుట్టు నడుం దాటి ఉండేది. పొద్దున్నే కొబ్బరినూనె రాసి, చిక్కు తీసి, రెండు జడలు అల్లి, మడిచి కట్టి స్కూలుకి పంపేదాన్ని. పదో నెలలో వాడికి జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చినప్పుడు, రువీ పేటలో మేముండే బిల్డింగు మెట్ల మీద వాణ్ణి భుజాన వేసుకుని పరిగెడుతూ, "ఏడుకొండలవాడా, నా బిడ్డని నాకుంచు, వీడి పుట్టెంట్రుకలు నీకిచ్చుకుంటాను" అని మొక్కుకున్నాను. ఆయన ఉంచాడు. ఇచ్చుకోవడమే మావల్ల కాలేదు. మొదటి ఏడు మా ఆయన త్రినాథరావుగారికి కంపెనీవాళ్లు సెలవివ్వలేదు. మూడో ఏడు టిక్కెట్లు కూడా కొన్నాక మా పెదమామగారు పోయారు, ఏడాదిదాకా శుభకార్యాలేవీ వద్దన్నారు. సరి సంవత్సరాల్లో పుట్టెంట్రుకలు తీయకూడదు. ఇక మిగిలింది ఐదో ఏడు.

మా అత్తగారు ఫోనులో తేల్చి చెప్పారు. "ఐదు నిండే రోజు పొద్దుగుంకేలోగా తీయించావా సరే. లేదంటే మళ్లీ ఏడో ఏడే అమ్మాయ్. ఆరో ఏట ఆ జుట్టుకి కత్తెర తగలకూడదు."

అంటే పిల్లాడు రెండు జడలతో ఒకటో క్లాసులో కూర్చోవాలి. నా భయం వేరే. ఇచ్చిన మాట ఇన్నేళ్లు నాన్చితే స్వామి ఎంతకని ఊరుకుంటాడు? వాడు తుమ్మితే నాకు గుండె జారేది. దగ్గితే ఇక ఆ రాత్రి నిద్ర లేదు.

వాడి బాధ వాడిది. నాలుగో పుట్టినరోజుకి మస్కట్‌లో కొత్తగా పరిచయమైనవాళ్లని పిలిచాం. ఒకరు గాజులు తెచ్చారు, ఒకరు బొమ్మల పెళ్లి సెట్టు తెచ్చారు, మా ఆయన ఆఫీసు మేనేజరుగారి భార్య గులాబీరంగు గౌను తెచ్చింది. వాడు ఆ గౌను తీసుకెళ్లి బాల్కనీలోంచి కిందికి విసిరేశాడు. అది కింద నడిచిపోతున్న ఒక ఒమానీ పెద్దాయన తలపాగా మీద పడింది. పోలీసులొస్తారని నేను వారం రోజులు తలుపు తీయలేదు. కిరాణా సరుకులు తెచ్చే కుర్రాడికి కూడా కిటికీలోంచే సంచీ అందించాను.

"వచ్చే పుట్టినరోజుకి నీకేం కావాలిరా?" అని వాళ్ల నాన్న అడిగితే, సైకిలు అనలేదు, విమానం బొమ్మ అనలేదు. "గుండు" అన్నాడు.

ఆ ఏడు కూడా మా ఆయనకి సెలవు దొరకలేదు. "నువ్వు వెళ్లవే. పుట్టెంట్రుకలకి మేనమామ ఉంటే చాలు, నాన్నతో పనేముంది?" అన్నారు. విమానం రెక్క ఊడిపోతుందేమోనని నేను రెక్కవైపు సీటు వద్దన్నాను. ఇచ్చారు, రెక్క మీదే ఇచ్చారు. బొంబాయి దాకా దాన్ని కళ్లార్పకుండా చూస్తూ కాపలా కాశాను.

మా అన్నయ్య బసవపున్నయ్య సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరు. హీరోకి కారు, హీరోయిన్‌కి కొబ్బరిబోండాం, వందమందికి ఇడ్లీ, వర్షం కావలిస్తే నీళ్ల ట్యాంకరు, వద్దంటే గొడుగులు, అన్నీ ఆయనే చూడాలి. సినిమాలు మద్రాసు వదిలి హైదరాబాదు వచ్చేశాక ఆయనా కాపురం ఫిల్మ్ నగర్‌కి మార్చాడు. తిరపతి రైలుకి చోటు దొరకలేదు కాబట్టి, పుట్టినరోజున ఇంట్లోనే తీయించి, జుట్టు పసుపుగుడ్డలో మూటకట్టి, తర్వాతి వారం తిరపతి వెళ్లే మా వదిన శ్యామలాదేవి చేత హుండీలో వేయించాలని అనుకున్నాం. కృష్ణానగర్‌లో సెలూను ఉన్న ఎల్లయ్యకి కబురు పెట్టాం. బంజారా హిల్స్‌లో కేకు చెప్పాం. అన్నీ సవ్యంగా ఉన్నాయి. అంత సవ్యంగా ఉండేసరికే నాకు అనుమానం వచ్చింది.

పుట్టినరోజు ముందురోజు మధ్యాహ్నం వరండాలో నా పక్కన కూర్చుని వదిన శేషుకి జడలు అల్లుతోంది. గేటు తీసుకుని అన్నయ్య లోపలికొచ్చాడు. చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. వాడి వంక చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"సత్యా, వీణ్ణి ఒకసారి ఇటు తిప్పు."

"ఏమైందన్నయ్యా? పేలా?"

"పేలు కాదే, పిచ్చిదానా. దేవుడు." అని వచ్చి వాడి గడ్డం పట్టుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "మా హీరోయిన్‌కి గవదబిళ్లలు వచ్చాయి."

"పెళ్లీడు పిల్లకి గవదబిళ్లలేంటండీ?" అంది వదిన.

"పెద్ద హీరోయిన్‌కి కాదు. చిన్నప్పటి హీరోయిన్‌కి. మద్రాసు నుంచి తెప్పించాం ఆ పిల్లని. పొద్దున లేచేసరికి చెంపలు బూరెల్లా ఉన్నాయి. జూబ్లీహిల్స్‌లో బంగళా తీసుకున్నాం, తల్లి వేషం ఆవిడ వచ్చి కూర్చుంది, డైరెక్టర్ సుబ్రహ్మణ్యంగారు నా వంక చూస్తున్నాడు. సాయంత్రంలోగా రెండు జడల పిల్లని తేకపోతే నా పని అయిపోయినట్టే. సత్యా, ఒక్క పూట."

నేను శేషుని దగ్గరికి లాక్కున్నాను. "వద్దన్నయ్యా. అంత పెద్ద లైట్లు పేలిపోతే? ఆ పిల్ల గవదబిళ్లలు వీడికి అంటితే? అంతమంది కళ్లు పడితే? రేపు వీడి మొక్కు."

"రేపటికీ దీనికీ సంబంధం ఏంటే? ఇవాళ మొదలు, ఇవాళే ఆఖరు. రేపు పొద్దున్నే వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేసేది నేనేగా?"

శేషు అప్పుడు అడిగాడు. "మామయ్యా, ఆ పిల్ల గౌను వేసుకుంటుందా?"

"వేసుకుంటుంది నాన్నా."

వాడు లేచి లోపలికి వెళ్లిపోయాడు. అన్నయ్య వెనకాలే వెళ్లి మంచం కింద దూరినవాణ్ణి బతిమాలాడు. చివరికి లోపల్నుంచి మాట వినిపించింది. "రేపు గుండు చేయిస్తావా? ఒట్టు?"

"మీ అమ్మమీద ఒట్టు."

"నామీద ఎందుకన్నయ్యా ఒట్లు!" అని నేను అరిచాను. ఒట్టు తప్పితే పోయేది నేనే కదా.

ఆ బంగళా బండల మీద కట్టింది. ముందు పచ్చిక, పడమటివైపు ఏనుగుల్లాంటి రాళ్లు. అడుగు తీసి అడుగు వేస్తే ఒక వైరు. "జర పైలంగ నడువమ్మా, వైరుకు తట్టుకుంటవ్" అని లైట్లవాళ్లు అంటూనే ఉన్నారు. నేను చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, శేషు వెనకాల మంచినీళ్ల సీసాతో, విభూతితో తిరిగాను. వాడికి ఎర్ర గౌను వేసి, ఎర్ర రిబ్బన్లు కట్టి, చెంపలకి రంగు పూశారు. వాడి మొహం చూస్తే ఎవర్నో పొడిచేసేలా ఉన్నాడు.

కథలో ఆ పిల్ల పేరు స్వప్న. ఆ రోజు ఆ పిల్ల పుట్టినరోజు. తండ్రి వస్తాడని ఎదురుచూసి ఎదురుచూసి, ఆయన రాకపోతే కేకు కోస్తుంది. సుబ్రహ్మణ్యంగారు తలకి తుండుగుడ్డ కట్టుకున్న బక్కపల్చటి మనిషి. అరవడు. ఎంత చిన్నగా మాట్లాడతాడంటే అందరూ ఊపిరి బిగబట్టి వినాలి. శేషు దగ్గర గొంతుక్కూర్చుని, "నాన్న రాలేదు. నీకు కోపంగా ఉంది. ఏడుపు రావట్లేదు, కోపం వస్తోంది" అని చెప్పాడు. వాడికి చెప్పక్కర్లేదు. గౌను వేసినప్పట్నుంచీ కోపంగానే ఉన్నాడు. మొదటి షాటుకే చప్పట్లు కొట్టారు.

కేకు మాత్రం అబద్ధం. థర్మకోలు ముక్కకి పైన తెల్లటి పూత. వాడు వేలితో గీకి నోట్లో పెట్టుకోబోతే నేను కెమెరా ముందుకే దూకి చేయి పట్టుకున్నాను. "కట్!" అన్నారు. ఆ తర్వాత నన్ను తీసుకెళ్లి వంటల వ్యాను దగ్గర కూర్చోబెట్టారు.

సాయంత్రానికి మబ్బు పట్టింది. సుబ్రహ్మణ్యంగారు ఆకాశం వంక చూసి పక్కనున్న అసిస్టెంటుకి ఏదో గొణిగాడు. ఆ కుర్రాడు "ప్యాకప్!" అని ఒక్క కేక పెట్టాడు. అంతే. నేను అలాంటిది ఎప్పుడూ చూడలేదు. అప్పటిదాకా వంద మాటలు చెప్పినా కదలని మనుషులు ఒకేసారి లేచారు. లైట్లు ఆరిపోయాయి, జనరేటరు ఆగింది, వైర్లు చుట్టలు చుట్టుకున్నాయి. రెప్పపాటులో ఆ బంగళా ఖాళీ.

అన్నయ్య మాత్రం కదల్లేదు. మొహం ఇంత చేసుకుని నా దగ్గరకొచ్చాడు.

"సత్యా. రేపు కూడా రావాలి."

"గుండుతోనా?"

"జడలతో. ఒకసారి కెమెరాలో పడ్డాక బొట్టు దగ్గర్నుంచి రిబ్బను దాకా ఏదీ మారకూడదే. కంటిన్యుటీ అంటారు. రెండే రెండు షాట్లు. మధ్యాహ్నానికల్లా ఇంటికి. ఎల్లయ్యని మధ్యాహ్నం రమ్మంటాను."

ఇంటికెళ్లాక వదిన అన్నం వడ్డిస్తూ అంది. "మీ అన్నయ్య మధ్యాహ్నం అన్నారంటే నేను సాయంత్రానికి వండుతాను అమ్మాయ్. మా పెళ్లిరోజు కూడా మధ్యాహ్నమే వస్తానన్నారు. ఏ ఏడాది మధ్యాహ్నమో అడగడం మర్చిపోయాను."

"అలా అనకు వదినా, నాకసలే భయం."

"నీకు భయం కాకుండా ఇంకేం ఉంది?" అంది వదిన, నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసి.

పుట్టినరోజు పొద్దున్నే శేషుకి తలంటి పోయడానికి కూడా వీల్లేదన్నారు. జుట్టు పొంగిపోతే నిన్నటిలా ఉండదట. పుట్టినరోజున తలంటు లేకుండా, కొత్తబట్టలు లేకుండా, పరాయిపిల్ల ఎర్రగౌను వేసుకుని నా బిడ్డ కారెక్కాడు. నేను దేవుడి పటం ముందు, "తండ్రీ, ఇది నా తప్పు కాదు, మా అన్నయ్య తప్పు, ఆయన పేరు బసవపున్నయ్య, ఇల్లు ఫిల్మ్ నగర్" అని వివరంగా చెప్పుకుని బయల్దేరాను. పొరపాటున నామీద రాసేసుకుంటే?

మొదటి షాటు టిఫిన్ల వేళకే అయిపోయింది. నా ప్రాణం కుదుటపడింది. రెండోదానికి తల్లి వేషం ఆవిడ కావాలి. ఆవిడకి తలనొప్పి. ఆవిడ తలనొప్పి తగ్గేసరికి జనరేటరు పాడైంది. అది బాగయ్యేసరికి భోజనాలు. భోజనాలయ్యాక అందరూ ఏ పనీ లేకుండా కుర్చీల్లో కూర్చున్నారు. నేను అన్నయ్యని పట్టుకున్నాను.

"ఎవరి కోసం చూస్తున్నారు అన్నయ్యా? ఇంకెవరికి తలనొప్పి?"

అన్నయ్య నేల చూపులు చూశాడు. "సూర్యుడి కోసం."

"ఏ సూర్యుడు?"

"పైనున్న సూర్యుడే. సుబ్రహ్మణ్యంగారికి కొత్త ఆలోచన వచ్చింది. ఆ రాళ్ల వెనకాల సూర్యుడు దిగుతుండగా పిల్ల కొవ్వొత్తి ఊదాలట. ఊదిన క్షణానికి సూర్యుడూ ఆరిపోవాలట."

నేను ఏ పొద్దు గుంకకూడదని దణ్ణాలు పెడుతున్నానో, వీళ్లంతా అదే పొద్దు ఎప్పుడు గుంకుతుందా అని కుర్చీలేసుకుని కూర్చున్నారు.

"అది గుంకితే ఇక ఏడో ఏడే అన్నయ్యా! ఇంకో ఏడాది పైన! అప్పటిదాకా స్వామి ఊరుకుంటాడా? వీడికి మళ్లీ జ్వరమొస్తే నేనేం చెయ్యను? ఆ మెట్ల మీద మళ్లీ పరిగెత్తనా?"

"నాకు మాత్రం తెలీదా? వెళ్లి ఆయనకి చెప్పమంటావా? సినిమా ఆపండి సార్, మా మేనల్లుడికి గుండు చేయించాలి అని?"

"చెప్పు."

"నువ్వు మస్కట్ వెళ్లిపోతావు. నేను ఇక్కడే బతకాలి."

అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. వదిన దిగింది. ఒక చేతిలో కేకు డబ్బా, ఇంకో చేతిలో పులిహోర క్యారియరు, చంకలో పసుపుగుడ్డ. వెనకాల పెట్టె పట్టుకుని ఎల్లయ్య.

"ఇంట్లో కూర్చుని కూర్చుని మాకే గెడ్డాలు మొలిచేలా ఉన్నాయి" అంది వదిన. "ఎల్లయ్య ఇక పోతానన్నాడు. పద, ఇక్కడే కానిద్దాం అని లాక్కొచ్చాను. ఏడీ వాడు?"

నేను చూపించాను. శేషు రాళ్లకి ఎదురుగా బల్ల వెనక నిలబడి ఉన్నాడు. ఎర్రగౌను, రెండు జడలు, ముందు థర్మకోలు కేకు.

ఎల్లయ్య పెట్టె కింద పెట్టేశాడు. "ఏందమ్మా గిది? పిలగాడని జెప్పిండ్రు. ఆడివిల్లకు గుండెందుకు?"

"పిల్లాడే ఎల్లయ్యా. వేషం."

"గట్లనా. మరి జల్ది కానియ్యుండ్రి. పొద్దు గుంకినంక నేను కత్తి పట్ట. మా అయ్య సుత పట్టలే."

నా చివరి ఆశ కూడా పోయింది. పడమట చూశాను. సూర్యుడు రాళ్లకి జానెడు ఎత్తున ఉన్నాడు. కెమెరా దగ్గర ఒకాయన కంటికి నల్ల అద్దం పెట్టుకుని, "ఇంకొంచెం... ఇంకొంచెం దిగాలి సార్" అంటున్నాడు. సుబ్రహ్మణ్యంగారు చేయి పైకెత్తి నిలబడ్డాడు. శేషు నా వంక చూశాడు. ఏడవలేదు వాడు. ఏడిస్తే బాగుండేది. పెదాలు బిగించి, మామయ్య వేసిన ఒట్టు ఎక్కడికి పోయిందా అన్నట్టు చూశాడు. వాడు ఏడాదిగా ఈ రోజు తప్ప ఇంకేమీ కావాలని అడగలేదు.

నేను జన్మలో గట్టిగా మాట్లాడినదాన్ని కాను. బస్సు దిగాల్సిన చోట "ఆపండి" అనడానికి కూడా మొహమాటపడి ఎన్నోసార్లు తర్వాతి స్టాపులో దిగాను. ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలీదు.

"ప్యాకప్!"

ఎవరు అరిచారో ఎవరూ చూడలేదు. పొద్దున్నుంచి అందరూ ఆ మాట కోసమే కాచుకుని ఉన్నారు. టపటపా లైట్లు ఆరిపోయాయి. జనరేటరు గురగురలాడి ఆగింది. "ప్యాకప్, ప్యాకప్" అని ఒకరికొకరు అందించుకున్నారు. తల్లి వేషం ఆవిడ సవరం ఊడదీసి చేతిలో పట్టుకుని అప్పుడే కారు ఎక్కేస్తోంది. కెమెరా ముందు గొడుగు పట్టుకున్నవాడు గొడుగు మడిచేశాడు.

"ఎవర్రా! ఎవరు చెప్పారు ప్యాకప్?" సుబ్రహ్మణ్యంగారు అరవడం అదే మొదటిసారట.

"నేనండీ" అన్నాను. అప్పటికే శేషు చేయి పట్టుకుని పచ్చిక మీదికి లాక్కొచ్చేశాను. "నన్ను పోలీసులకి పట్టివ్వండి, ఏమైనా చెయ్యండి. కానీ ముందు గుండు. అన్నయ్యా, కూర్చో!"

అన్నయ్య మధ్యలో నిలబడిపోయాడు. అటు డైరెక్టరు, ఇటు నేను. వదిన ఒక కుర్చీ లాక్కొచ్చి తూర్పుముఖంగా వేసింది.

"పున్నయ్యా," అన్నాడు సుబ్రహ్మణ్యంగారు, మళ్లీ చిన్న గొంతుతో. ఆ చిన్న గొంతు ఇంకా భయంగా ఉంది. "ఆ పిల్లాడి జుట్టు మీద కత్తెర పడిందంటే రేపట్నుంచి నువ్వు నా దగ్గర లేనట్టే."

అన్నయ్య వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. శేషుని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. "సార్, నాకు సినిమాలు బోలెడు. మేనల్లుడు ఒక్కడే."

"డైలాగు బాగుంది," అంది వదిన. "కత్తెర పట్టండి, పొద్దు గుంకుతోంది."

పసుపునీళ్లు చల్లి, అన్నయ్య మొదటి కత్తెర వేశాడు. జడ సగం తెగి పసుపుగుడ్డలో పడింది. నేను "గోవిందా" అన్నాను. వదిన "గోవిందా" అంది. లైట్లవాళ్లు వైర్లు చుడుతూనే "గోవిందా" అన్నారు. తర్వాత ఎల్లయ్య కత్తి అందుకున్నాడు. చెవి తెగుతుందేమోనని నేను రెండు చేతులతో కళ్లు మూసుకుని వేళ్ల సందుల్లోంచి చూశాను. "గట్ల సూడకమ్మా, నాకు చెయ్యి వణుకుతది" అన్నాడు. అయినా ఎక్కడా గాటు పడలేదు. ఆఖరి పాయ పడేసరికి సూర్యుడి అంచు ఇంకా రాయి మీద ఉంది. ఎర్రగా, గోటిముక్కంత. నేను చూశాను. ఎవరైనా కాదంటే ఈనాటికీ వాదిస్తాను.

శేషు తల తడుముకున్నాడు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి. మొహం విప్పారింది. ఎర్రగౌనులోనే దిగి పచ్చిక చుట్టూ పరిగెత్తాడు, గుండు మీద గాలి తగిలేలా తల వంచుకుని.

సుబ్రహ్మణ్యంగారు నా దగ్గరకొచ్చాడు. కొడతాడనుకుని రెండడుగులు వెనక్కి వేశాను.

"ఏం మొక్కమ్మా అది?" అన్నాడు.

చెప్పాను. జ్వరం, ఫిట్స్, మెట్లు, అన్నీ ఏడుస్తూ చెప్పాను. ఆయన అంతా విన్నాడు. తర్వాత అడిగాడు.

"ఆ మెట్లు ఎక్కుతున్నారా, దిగుతున్నారా?"

"దిగుతున్నానండీ."

"లిఫ్టు?"

"ఉందండీ. మధ్యలో ఆగిపోతే ఎలాగని."

ఆయన తుండుగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. పరిగెడుతున్న శేషు వంకే చూస్తున్నాడు. గౌనులో గుండు. "సూర్యుడు పోతే పోయాడు," అన్నాడు. "పున్నయ్యా, తల్లి వేషం ఆవిణ్ణి కారులోంచి దింపు. సవరం పెట్టుకోమను. జనరేటరు వేయించు. మన స్వప్నకి కూడా జబ్బు చేసింది. వాళ్లమ్మ కూడా మొక్కుకుంది. నాన్న రాడు, జుట్టు పోయింది, అయినా పుట్టినరోజు చేసుకుంటుంది. ఇదే బాగుంది."

"అంటే... నేను ఉన్నట్టేనా సార్?" అన్నాడు అన్నయ్య.

"ఉండి తగలడు."

ఇక శేషుని బతిమాలాలి. ఈసారి వాడే బేరం పెట్టాడు. గుండు ఉంది కాబట్టి గౌను ఫర్వాలేదట. కానీ ఆ థర్మకోలు కేకు ఊదడట. వదిన తెచ్చిన డబ్బా విప్పారు. పైనాపిల్ కేకు, పైన ఎర్ర క్రీముతో ఇంగ్లీషులో హ్యాపీ బర్త్‌డే శేషు. ఆర్టు డిపార్టుమెంటాయన చెంచాతో పేరు గీకబోయాడు. శేషు కేకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"నా పేరు తీస్తే ఊదను."

"ఎవరు చూస్తారులే, కొవ్వొత్తి పొగలో కనపడదు. ఉంచండి" అన్నాడు సుబ్రహ్మణ్యంగారు.

అలా మా శేషు ఐదో పుట్టినరోజు, జూబ్లీహిల్స్‌లో ఎవరిదో బంగళా ముందు, ఎవరిదో గౌనులో, ఎవరి అమ్మ పక్కనో జరిగింది. కొవ్వొత్తి ఊది, కేకు కోసి, వాడు మొదటి ముక్క ఆ సినిమా అమ్మకి పెట్టకుండా కెమెరా దాటి వచ్చి నా నోట్లో పెట్టాడు. "కట్!" అన్నారు. ఈసారి నన్నెవరూ వ్యాను దగ్గరికి పంపలేదు. యూనిట్‌లో అందరికీ వదిన పులిహోర సరిపోయింది. ఎల్లయ్య రెండుసార్లు పెట్టించుకున్నాడు.

మస్కట్ విమానాశ్రయంలో మా ఆయన గుండుతో ఉన్న శేషుని గుర్తుపట్టక, మా వెనకాల వస్తున్న ఇంకెవరి పిల్లాడినో ఎత్తుకోబోయారు.

ఆ తర్వాత వాడు స్కూల్లో మగపిల్లల వరసలో నిలబడ్డాడు. ఎదురు ఫ్లాటు మలయాళంవాళ్లమ్మాయి సారా రెండు రోజులు వాడితో మాట్లాడలేదు, తన స్నేహితురాలు ఊరెళ్లి తిరిగి రాలేదని. తర్వాత అలవాటు పడింది. జుట్టు మళ్లీ వచ్చింది, క్రాపు తీశాం. గౌను సంగతి ఎక్కడా చెప్పకూడదని వాడు నా చేతా, వాళ్ల నాన్న చేతా ఒట్టు వేయించుకున్నాడు. మామయ్యలాగా పొద్దుగుంకేదాకా నాన్చే ఒట్టు కాదు, నిజం ఒట్టు.

మరుసటి వేసవిలో మా ఆయన ఒక వీడియో క్యాసెట్టు పట్టుకుని వచ్చారు. కొత్త తెలుగు సినిమా, చూడాల్సిందేనని బిల్డింగులో నలుగురినీ పిలిచారు. అది మా అన్నయ్య చేసిన సినిమాయేనని ఆయనకి తెలీదు, పేరు వినగానే నాకు తెలిసిపోయింది. అయినా ఏం చెప్పగలను, ఒట్టు వేశాను.

మెట్ల సీను వచ్చింది. తల్లి వేషం ఆవిడ బిడ్డని భుజాన వేసుకుని దిగుతోంది. నేను అంత బాగా పరిగెత్తలేదు. హాల్లో అందరూ కళ్లు తుడుచుకున్నారు. తర్వాత కేకు ముందు ఎర్రగౌను పాప, నున్నటి గుండు.

"పాపం, ఎంత ముద్దుగా ఉందో" అంది మేనేజరుగారి భార్య. "ఎవరో ఈ పిల్ల?"

"ఎవరో మరి" అన్నాడు శేషు, టీవీకి వీపు పెట్టి కూర్చుని. చెవులు ఎర్రబడ్డాయి. నేను చాటుగా గుప్పెడు ఉప్పు తెచ్చి టీవీ చుట్టూ తిప్పుతున్నాను. ఇంతమంది చూస్తున్నారు, దిష్టి తెరలోంచి తగలదని ఎవరు చెప్పగలరు?

పొగ పోయింది. కెమెరా కేకు మీదికి దిగింది. సారా అప్పుడే ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకుంటోంది. ఎక్కడ కనిపిస్తే అక్కడ చదవందే ఊరుకోదు. తెర దగ్గరికి వెళ్లి వేలు పెట్టి కూడబలుక్కుంది.

"హ్యాపీ... బర్త్... డే... శే... శే..."

శేషు ఒక్క గంతు వేశాడు.

"ప్యాకప్!"

ప్లగ్గు పీకి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. టీవీ ఆరిపోయింది. అందరూ నోళ్లు తెరిచి వాడి వంకే చూస్తున్నారు. వాడి వేళ్లకి అప్పుడే తిన్న ఐస్‌క్రీము తడి.

"ఒరేయ్! తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోవద్దని నీకెన్నిసార్లు చెప్పాన్రా!" అని నేను ఉప్పు అక్కడే పారేసి పరిగెత్తాను.